మూత పెట్టిన గ్లాసు

గుడిమల్కాపూర్‌ల రాత్రి రెండింటికే తెల్లారుతది.
చేవెళ్ల నుంచి ఇలియాస్ ట్రాలీ ఆటో ఆగంగనే
చామంతి బస్తాలు విప్పేది నేనే.
ఇరవై రెండేండ్ల సంది పగటిని రాత్రి చేసుకున్న,
ఇప్పుడు రాత్రీ రాదు, పగలూ పోదు.
కండ్లు మూస్తే తక్కెడ ముల్లు ఊగుతది.

"బాబూనా పూలు తాగవ్వా,
పిల్లి లెక్క సప్పుడు లేకుండ నిద్రొస్తది" అని
చాయ్ బండి కాడ ఎవరో అంటే
ఎండల పడి బేగంబజార్ పోయిన.
మూడు మెట్లు దిగితే ముబీనా ఆపా దుకాణం.
గోడ నిండ డబ్బాలు, డబ్బాకో ఉర్దూ చీటీ,
సోంపు వాసన మీద జటామాంసి వాసన.

ఆమె పొట్లం కట్టలేదు. ముందు నన్ను చదివింది.
"ఎన్ని దినాలాయె నిద్ర లేక?
గోలీలేమన్న మింగుతున్నవా? నిద్ర గోలీలా?
దాని మీద ఇది తాగితే
చీకట్ల బావి మెట్లు దిగినట్టే,
ఏది ఆఖరి మెట్టో తెల్వదు.
ఇంట్ల కడుపుతోటి ఉన్నోళ్లున్నరా?
దగ్గర్ల ఆపరేషనేమన్న ఉన్నదా?"
దవాఖానల నన్ను గిన్ని ఎవ్వరడగలేదు,
టోకెన్ నంబరు తప్ప.

అరచేతిల పోసి చూపెట్టింది:
తెల్లటి రేకలు, పసుపు బొడ్డు,
ఎండి ముడుసుకున్న చిన్న చిన్న మొకాలు.
"పూలేసి మరగనియ్యకు, చేదెక్కుతది.
నీళ్లు దించినంక చిటికెడెయ్యి, మూత పెట్టు,
పది నిమిషాలు.
కడుపుబ్బరం తగ్గుతది, దడ జర నిమ్మళిస్తది.
గంతే.
కష్టాలు తీరుస్తదని ఎవరన్న చెప్తే నమ్మకు.
నెల దాటినా నిద్ర రాకుంటే
పువ్వునడుగకు, డాక్టర్‌నడుగు."

అప్పుడొచ్చింది నాకు తుమ్ము.
ఒకటి కాదు, ఆరు.
ఆపా నా చెయ్యి పట్టుకొని తిప్పింది,
వేళ్ల సందుల ఎర్రటి దద్దుర్లు, పగుళ్లు.
"ఏం పని?"
"చామంతి."
కట్టబోయిన కాయితం మళ్లీ సాపు చేసింది.
"ఇది దాని చిన్నమ్మ బిడ్డ.
చేతికి పడనిది గొంతుకెట్ల పడుతది?
గొంతు వాస్తే ఊపిరి ఆడదు బేటీ."

నవ్వొచ్చింది నాకు, ఏడుపొచ్చినట్టే.
బస్తాలకు బస్తాలు దేవుళ్లకు పంపిన,
పెండ్లి పందిళ్లకు, పాడెలకు పంపిన,
నా గ్లాసుల చిటికెడు రాసిలేదు.

"పోనీ, మా పెంటయ్యకన్న ఇయ్యి.
నిమ్స్‌ల గుండె వాల్వు మార్చిండ్రు,
రక్తం పల్చగయ్యే గోలీ మింగి
సూరు దిక్కు చూసుకుంట పంటడు."
"తోబా!" అని డబ్బా మూత బిగించింది.
"ఆ గోలీ, ఈ పువ్వు కలిస్తే
గడ్డం గీసుకున్న గాటు కూడ ఆగదు."
"ఇలియాస్‌కు?"
"బండి తోలే ముందు ముట్టద్దను.
ఆటో నడవని రాత్రి, పక్కేసుకున్నంక తాగుమను."

"గిట్లైతే నీకు గిరాకీ ఎట్ల?" అన్న.
గల్లాపెట్టె మీద గుడ్డ తుడిచింది, తుడిచిందే తుడిచింది.
"నువ్వు తాగుతవా?"
"పదకొండేండ్ల సంది."
"పని చేస్తదా?"
షటర్ బయట తోపుడు బండ్ల లొల్లి దిక్కు చూసింది.
"సగం పువ్వు చేస్తది.
సగం మూత చేస్తది.
మూత పెట్టిన పది నిమిషాలు
నన్నెవ్వరు పిలువరు."

ఖాలీ చేతుల తోటి ఏడో నంబరు బస్సెక్కిన కాదు,
నడిసొచ్చిన.
పొద్దుగూకినంక నీళ్లు కాగబెట్టి
స్టీలు గ్లాసుల పోసి, సాసరు మూత పెట్టి
గడప మీద కూసున్న.
ఆవిరి సాసరు కింద చెమట పడుతున్నది.
పక్కింటి కుక్కర్ నాలుగు కూతలేసింది.
తక్కెడ యాదికి రాలే.

"ఏముందే అండ్ల?" అన్నడు పెంటయ్య.
"ఏం లేదు."
"అయితే నాకూ సగం పొయ్యి."